ఇలాంటి ఇల్లు లేదు

భూతద్దానికి కోపం ముక్కు మీదే ఉంటుందని పోస్టాఫీసులో అందరూ అనేవారు. శుద్ధ అబద్ధం. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు. ఆవిడ కోపానికి అంత చిన్న చోటు ఏ మూలకి సరిపోతుంది?

అసలు పేరు అడిగితే ఎవరికీ గుర్తురాదు. హాజరు పుస్తకంలో తప్ప ఆ పేరు ఇంకెక్కడా ఎవరూ వాడిన పాపాన పోలేదు. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద పోస్టాఫీసులో, వెనక హాల్లో, కిటికీ పక్కన చివరి బల్ల ఆవిడది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే బల్ల, అదే కుర్చీ, అదే భూతద్దం. ఎవరికీ అంతుపట్టని అడ్రసులన్నీ అక్కడికే చేరేవి. వానకి తడిసి సిరా కారిపోయినవి, కోడి గెలికినట్టు రాసినవి, 'మా అత్తగారి పక్కిల్లు' అని రాసి చేతులు దులుపుకున్నవి. వాటిని చదివి, సరైన అడ్రసు ఎర్ర పెన్సిలుతో రాసి పోస్టుమాన్‌కి అప్పజెప్పడం ఆవిడ పని. దొరక్కపోతే కవరు వెనక కారణం రాసి, కింద తన పొడి అక్షరాలు వేసి మేడ మీదికి పంపాలి. రాసినవాళ్ళ అడ్రసైనా దొరుకుతుందేమోనని అక్కడ కవరు చింపి చూస్తారు. అది వేరేవాళ్ళ పని.

"కవరు పైభాగం నాది. లోపలిది నాకు పాపం" అనేది భూతద్దం. అనడమే కాదు, సరిగ్గా అంటుకోని కవరు వస్తే మొహం పక్కకి తిప్పుకుని మరీ జిగురు రాసేది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరి ఉత్తరంలోనూ ఒక్క ముక్క చదివి ఎరగదు.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ నేర్పే పాఠం ఒక్కటే. "రాసినవాడు ఈ ఊరు ఎప్పుడు వదిలాడో ముందు అది ఆలోచించు. వాడు వదిలిన నాటి ఊరే వాడికి తెలుసు. నువ్వు ఇవాళ్టి ఊళ్ళో వెతికితే ఏం దొరుకుతుంది, నీ తలకాయ?" ఒకసారి 'సోడా షాపు ఎదురుగా' అని ఒక కార్డు వచ్చింది. ఆ షాపు మూతపడి పద్నాలుగేళ్ళు. ఆ వీధి పోస్టుమాన్ లేదంటే లేదన్నాడు. భూతద్దం ఊరుకుంటుందా? పోస్టాఫీసు వీధి చివర టీ కొట్టులో కూర్చుని కాలక్షేపం చేసే రిటైరైన పోస్టుమాన్ ఒకాయన ఉండేవాడు, అందరూ తాత అనేవారు. ఆయన్ని వెళ్ళి అడిగి, సాయంత్రంలోగా ఆ కార్డు చేర్పించింది. ఆ కథ చెప్పుకోని రోజు లేదు.

అలాంటి మనిషికి, రిటైరైన ఆరేళ్ళకి, ఒక ఆహ్వానం వచ్చింది. పోస్టాఫీసుని మ్యూజియం చేశారట. పాత ఉద్యోగులకి టిక్కెట్టు అక్కర్లేదట.

"చూశారా దయ! నా బల్ల నేను చూసుకోవడానికి నాకు టిక్కెట్టు అక్కర్లేదట" అంది భర్తతో.

భర్త రిటైరైన కంపౌండరు. చేదు మందులు పోసి పోసి మనుషుల్ని ఊరుకోబెట్టడం అలవాటైన మనిషి. "ఇష్టం లేకపోతే మానేద్దాంలే" అన్నాడు.

"మానేస్తే వాళ్ళకి బుద్ధి ఎవరు చెప్తారు?"

వాళ్ళేం తప్పు చేశారో ఇంకా చూడనే లేదు. బుద్ధి చెప్పడానికి మాత్రం ముందే బయల్దేరింది. బస్సు ఎక్కినప్పట్నించీ దిగేదాకా సణుగుడే. ఆహ్వానం కవరు మీద తన ఇంటి నంబరు తప్పు రాశారట. అయినా వచ్చి చేరిందంటే అది తమ వీధి పోస్టుమాన్ గొప్పతనమట.

మెట్లు అవే. మెట్ల పక్కన ఇత్తడి మూతుల పెట్టెలు రెండూ అవే, ఒకటి ఊళ్ళోకి, ఇంకొకటి పై ఊళ్ళకి. తళతళా మెరిసేట్టు తోమారు. అలవాటుగా మూత ఎత్తి వేలు పెట్టి చూసింది భూతద్దం. లోపల రేకు కొట్టి మూసేశారు.

"నోరు మూసి పళ్ళు తోమారు" అంది.

లోపల ఇంకా ఘోరం. పార్శిళ్ళ గదిలో కాఫీ హోటలు పెట్టారు. పార్శిల్ త్రాసు మీద కేకుల పళ్ళెం. లక్క కరిగించే పొయ్యి మీద పూల కుండీ. కంపౌండరు ఆ కుండీ బాగుందని అనబోయి, భార్య మొహం చూసి నోట్లోనే దాచుకున్నాడు.

మూడో కౌంటరు ముందు మాత్రం భూతద్దం ఒక్క క్షణం ఆగింది. ఇత్తడి ఊచలు, చిన్న అర్ధచంద్రపు కిటికీ, దాని వెనక ఖాళీ స్టూలు. ఆ స్టూలు మీద పన్నెండేళ్ళు కూర్చున్నావిడని ఆఫీసంతా 'మూడో కౌంటరు' అనే పిలిచేవారు. స్టాంపులు అమ్మేది. ఎడమచేతి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది, ఆ చీలికతోనే స్టాంపుల కాగితాన్ని పట్టి చించేది. పెళ్ళి కాకముందు, తన పందొమ్మిదో ఏట, అన్న ఇంట్లోవాళ్ళతో గొడవపడి విసురుగా తలుపేసి వెళ్ళిపోయాడట. ఆ తలుపు సందులో నలిగిన వేలు అది. అన్న మళ్ళీ రాలేదు.

"వాడు రాస్తే నీ బల్ల మీదికే వస్తుంది వదినా. వాడి రాత దేవుడికి కూడా అర్థం కాదు" అనేది. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చి, "ఏమన్నా వచ్చిందా వదినా?" అని అడిగేది. పన్నెండేళ్ళు అడిగింది. స్టేషను రోడ్డు క్వార్టర్స్‌లో కాపురం, రాత్రిళ్ళు బండ్ల చప్పుడుకి నిద్ర పట్టదని ఎర్రబడ్డ కళ్ళతో వచ్చినా, ఆ ప్రశ్న మాత్రం మానేది కాదు.

ఒకరోజు భూతద్దానికి విసుగెత్తింది. ఆ రోజు పొద్దున్నే పై అధికారి అందరి ముందూ, 'నీ బల్ల దగ్గర కట్టలు పేరుకుపోతున్నాయి' అని చీవాట్లు పెట్టాడు. ఆ మంట మీద ఉండగా ఈమె వచ్చి అడిగింది. భూతద్దం నోరు పారేసుకుంది. "వస్తే నేను దాచుకుని ఏం చేసుకుంటాను? రాయనివాడి కోసం నా ప్రాణం తీయకు!" హాలంతా విన్నారు. మూడో కౌంటరు వెనక్కి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నెల తిరిగేలోగా బ్రాంచి ఆఫీసుకి బదిలీ చేయించుకుంది. పందొమ్మిదేళ్ళయింది. ఎవరి రిటైర్మెంటు సభలోనైనా ఎదురుపడితే తల ఊపుకోవడం, అంతే. తప్పు తనదేనని భూతద్దానికి తెలుసు. ఒప్పుకోవడమే తెలియదు.

"పదండి" అంది భర్తతో, ఎవరో ఆపినట్టు.

వెనక హాల్లో తన బల్ల ఉంది. తన కుర్చీ ఉంది. కుర్చీలో ఒక బొమ్మ ఉంది. మైనంతో చేసిన మగ బొమ్మ, మెలితిరిగిన మీసాలు, నెత్తిన టోపీ, చేతిలో భూతద్దం. ముందు బోర్డు: 'పోస్టుమాస్టరు గారి బల్ల'.

కంపౌండరు కళ్ళు మూసుకున్నాడు.

"పోస్టుమాస్టరా! ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ పోస్టుమాస్టరూ ఈ బల్ల దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు, తిట్టడానికి తప్ప. ఆ మీసాలేమిటి? నాకు మీసాలున్నాయా?"

"లేవు" అన్నాడు కంపౌండరు, సాక్ష్యం చెప్పేవాడిలా.

అప్పుడే పక్క గదిలోంచి నవ్వులు వినపడ్డాయి. ఆ గది గుమ్మం మీద పెద్ద అక్షరాలు: 'చేరని ఉత్తరాలు. చదవండి, నవ్వుకోండి!'

గోడల నిండా ఉత్తరాలే. విప్పి, నిలువెత్తు ఫోటోలు తీసి, దీపాలు పెట్టి మరీ వేలాడదీశారు. కింద అద్దాల పెట్టెల్లో అసలు కవర్లు. ఎవరో అమ్మ కూతురికి చెప్పుకున్న ఏడుపు. ఎవరో అబ్బాయి రాసి చేరని ప్రేమ. కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకటి అక్కడ నిలబడి ఉంది. మగవాడు ఒక ఉత్తరాన్ని గొంతు మార్చి నాటకంలోలా చదువుతున్నాడు, భార్య నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది.

భూతద్దం అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏం బాబూ, అంత కమ్మగా ఉందా? మీ ఆవిడకి నువ్వు రాసినవి కూడా తెచ్చి ఇక్కడ తగిలించు, మేమూ నవ్వుకుంటాం!"

ఆ మగవాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. భార్య అతని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

గొడవ విని మెళ్ళో చీటీ వేలాడుతున్న మనిషి పరుగెత్తుకొచ్చాడు. మ్యూజియం క్యూరేటరట. ముప్ఫై ఏళ్ళుంటాయి, బూట్లు కొత్తవి.

"ఏమైందమ్మా?"

"ఏమైందా? ఎవరి ఉత్తరాలివి? నీవా? మీ నాన్నవా? ఎవడి అనుమతితో విప్పి గోడకెక్కించావు?"

"అవి ఎప్పుడో మేడ మీద విప్పినవేనమ్మా. ఎవరూ రాలేదు, ఎవరివో తెలియదు. జనానికి ఇవంటేనే ఇష్టం. అన్నిటికంటే ఈ గదికే ఎక్కువమంది వస్తారు."

"రారు మరి? పక్కింటి గోడకి చెవి ఆనించమంటే ఎవడైనా వస్తాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణ సంకటం. మేం ఇక్కడ ముప్ఫై ఏళ్ళు మొహాలు తిప్పుకుని పని చేశాం నాయనా, లోపలి ముక్క కంట పడుతుందేమోనని. నువ్వు దీపం పెట్టి చూపిస్తున్నావు!"

"కొంచెం నెమ్మదిగా..." అన్నాడు కంపౌండరు.

"మీరుండండి! అసలు ఇవన్నీ చేరకపోవడం ఏమిటి? ఆనాటి గుమాస్తాలు గాడిదల్ని కాశారా?" అంటూ ఎదురుగా ఉన్న అద్దాల పెట్టె మీద చేత్తో కొట్టింది. "ఇదిగో, ఇది చూడు. రాత కోడి గెలికినట్టుంటే ఉంది, అడ్రసు ఎంత స్పష్టంగా ఉందో! 'బుడిగికి అందవలెను. నీళ్ళ ట్యాంకు వెనక సందు, నీలం తలుపు ఇల్లు.' వీధి ఉంది, గుర్తు ఉంది, పిలుపు ఉంది. ఇంకేం కావాలి, కాళ్ళకి దండం పెట్టి పిలవాలా? దీన్ని కూడా చేర్చలేని దద్దమ్మ ఎవడు?"

పెట్టెలో కవరు కింద చిన్న అద్దం పెట్టారు, వెనకవైపు కూడా కనపడేలా. కంపౌండరు కళ్ళజోడు సవరించుకుని అందులోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భార్య మోచెయ్యి మెల్లిగా పట్టుకున్నాడు.

"ఏమోయ్, ఇది నీ చేతిరాతే."

"ఏది?"

"'ఇలాంటి ఇల్లు లేదు.' ఎర్ర పెన్సిలు. కింద నీ పొడి అక్షరాలు."

భూతద్దం వంగింది. సంచిలోంచి సొంత భూతద్దం తీసి చూసింది, అక్కర్లేకపోయినా. తనవే. రెండో అక్షరం తోక పైకి తిప్పడం తన అలవాటు. దాని పక్కన గుండ్రటి తేదీ ముద్ర. ఆ ముద్రలోని నెలని రెండుసార్లు చదువుకుంది. మూడో కౌంటరు బదిలీ చేయించుకున్న నెల.

గుర్తొచ్చింది. నీళ్ళ ట్యాంకు సందు పోస్టుమాన్‌ని అడిగింది, నీలం తలుపు ఉందా అని. లేదు మేడమ్, ఒక ఆకుపచ్చ తలుపు, మిగతావన్నీ చెక్క రంగు, ఇనప గేట్లు అన్నాడు. అతను ఆ వీధికొచ్చి మూడు నెలలైనా కాలేదు. టీ కొట్టు దాకా వెళ్ళి తాతని అడిగితే నిమిషంలో చెప్పేవాడు. వెళ్ళలేదు. కట్టలు పేరుకుపోతున్నాయన్నారుగా, అయితే చూడండి అని పళ్ళు బిగించి, ఆ పూట మొత్తం కట్టకి కట్టే వెనక్కి కొట్టేసింది. రాసినవాడు ఊరు ఎప్పుడు వదిలాడో ఆలోచించలేదు. ఊరందరికీ చెప్పే పాఠం తన బల్ల మీదే మర్చిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ జీవితంలో మొదటిసారి భూతద్దం తల ఎత్తి, గోడ మీద వేలాడుతున్న ఉత్తరం లోపలి భాగం చదివింది. మొదటి పేజీ ఒక్కటే పెట్టారు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

'బుడిగీ, నేను అన్నయ్యని. చచ్చాడనుకున్నావేమో, చావలేదు. నా రాత నీకొక్కదానికే అర్థమవుతుంది కనక ధైర్యంగా రాస్తున్నాను. నీ ఎడమచేతి బొటనవేలు ఎలా ఉంది? ఆ రోజు కోపంతో తలుపు వేశాను గానీ నీ మీద వెయ్యి ఒట్లు, నీ వేలు అక్కడుందని తెలియదు. వీధి చివర ఉండగా నీ కేక వినపడింది...'

అక్కడ ఆపేసింది. గోడకేసి వీపు పెట్టి నిలబడింది.

"తీయించు" అంది క్యూరేటరుతో. ఈసారి అరవలేదు. "ఈ ఆఫీసులో పన్నెండేళ్ళు దీనికోసం అడిగిన మనిషి ఒకావిడ ఉంది. బతికే ఉంది. ఇది ఇప్పుడు నేను తీసుకెళ్ళి ఇవ్వాలి."

"అలా కుదరదమ్మా. ఇది ఎగ్జిబిట్టు. నంబరు పడింది. కావాలంటే కాపీ..."

"కాపీ ఏం చేసుకుంటుంది, మెళ్ళో కట్టుకుంటుందా? ఆ పక్క పెట్టెలో అలంకారానికి పెట్టావే, లావుపాటి రూలు పుస్తకం, అది తీసి చదువు. నూట పదకొండో పేజీ. 'చేరని ఉత్తరం తాలూకు మనిషి ఎప్పుడు దొరికితే అప్పుడు, ఆలస్యంతో నిమిత్తం లేకుండా అందజేయవలెను.' ఎప్పుడు దొరికితే అప్పుడు. చదువు!"

క్యూరేటరు తాళం తీసి, దుమ్ము దులిపి చదివాడు. నూట పదకొండు కాదు, నూట పన్నెండు. ముక్క మాత్రం పొల్లుపోలేదు. పైవాళ్ళని అడగాలన్నాడు, అర్జీ రాయమన్నాడు, వచ్చే వారం రమ్మన్నాడు.

భూతద్దం హాల్లోకి నడిచింది. మీసాల బొమ్మని చంకల కింద పట్టుకుని లేపి పక్కన నిలబెట్టింది. టోపీ కింద పడింది. తన కుర్చీలో తాను కూర్చుంది.

"నువ్వు అడుక్కో. నేను ఇక్కడే ఉంటాను. చూసేవాళ్ళు వస్తే చెప్పు, ఇది కూడా ఎగ్జిబిట్టేనని."

గంటన్నర కూర్చుంది. జనం మూగారు. కంపౌండరు కాఫీ తెచ్చిస్తే తాగలేదు. చివరికి ఫోన్లో పైవాళ్ళెవరో, ఆ ముసలావిడతో మనకెందుకొచ్చిన గొడవ, కాపీ ఉంచుకుని అసలుది ఇచ్చెయ్యమన్నారు. క్యూరేటరు బట్వాడా పుస్తకంలో సంతకం చేయించుకుని కవరు చేతిలో పెట్టాడు. రెండు కాగితాలూ అందులోనే ఉన్నాయి. ఆ గది ఫోటోల సంగతి కూడా ఆలోచిస్తానన్నాడు.

"ఆలోచించడం కాదు, దించు" అంది భూతద్దం. కానీ ఆ మాటలో మునుపటి జోరు లేదు. గురివింద తన నలుపు ఎరగదంటారు. తన నలుపు ఇప్పుడు తన సంచిలోనే ఉంది.

రెండో బస్సు ఎక్కి నీళ్ళ ట్యాంకు దగ్గర దిగారు. మూడో కౌంటరు రిటైరయ్యాక పుట్టింటికే వచ్చి ఉంటోందని ఎవరో చెప్పగా విన్నది. పుట్టిల్లు ఇక్కడని మాత్రం ఇవాళే తెలిసింది. అప్పట్లో అది అద్దెకిచ్చి ఉంటారు. తలుపుకి ఆకుపచ్చ రంగు వేసింది అద్దెకున్నవాళ్ళే అయ్యుంటారు.

"నేనూ రానా?" అన్నాడు కంపౌండరు సందు మొదట్లో.

"వద్దు. తిట్లు తినడానికి ఇద్దరెందుకు?"

సందులో అడిగితే ఎడమవైపు ఆరో ఇల్లన్నారు. తలుపుకి ఇప్పుడు చెక్క రంగు. కింద అంచున రంగు పెచ్చులూడి ఆకుపచ్చ కనపడుతోంది. బందు దగ్గర ఆకుపచ్చ కూడా ఊడి, వేలెడంత మేర నీలం కనపడుతోంది. దాన్ని చూశాక తలుపు కొట్టడానికి భూతద్దానికి చాలాసేపు పట్టింది.

తలుపు తీసిన మూడో కౌంటరు కళ్ళకి నల్లద్దాలున్నాయి. కంటి ఆపరేషనయి వారమైందని వీధిలోనే ఎవరో చెప్పారు.

"ఎవరు?"

"నేను వదినా. భూతద్దాన్ని."

"ఆహా! అడ్రసు ఎలా దొరికింది?" అంది మూడో కౌంటరు. పందొమ్మిదేళ్ళుగా దాచుకున్న మాట అది. "రా, కూర్చో. నిలబడి కొట్లాడే వయసు కాదు మనది."

ముందు గదిలో రెండు కుర్చీలు. భూతద్దం కూర్చోకుండానే చెప్పేసింది. ఆగితే చెప్పలేనని తెలుసు.

"మీ అన్నయ్య ఉత్తరం వచ్చింది."

మూడో కౌంటరు చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకుంది. "ఎప్పుడు?"

"పందొమ్మిదేళ్ళ కిందట. ఈ ఇంటికే రాశాడు. నీలం తలుపు ఇల్లు అని రాశాడు. నా బల్ల మీదికే వచ్చింది. నేనే వెనక్కి కొట్టాను. నిన్ను తిట్టిన ఆ పూటే కొట్టాను."

కవరు ఇచ్చింది. మూడో కౌంటరు దాన్ని రెండు చేతులతో తడిమింది. చీలిన గోటితో అంచు పట్టుకుని, స్టాంపు ఉన్న మూల దాకా జరిపింది. నల్లద్దాల కింద మొహంలో ఏం జరుగుతోందో తెలియలేదు.

"రాయనివాడి కోసం నా ప్రాణం తీయకు అన్నావు."

"అన్నాను."

"హాలంతా విన్నారు. ఆ రాత్రి నేను కూడా అదే అనుకున్నాను, వాడు రాయనివాడే అని. అంతవరకూ అనుకోలేదు. నువ్వంటే అనుకున్నాను. అడ్రసులు తెలిసినదానివి, నీకు తెలుసనుకున్నాను." గొంతు పెద్దదైంది. "ఊళ్ళో ఎవడి చెత్త కార్డైనా చేర్చావు! సోడా షాపు ఎదురిల్లు అని చంకలు గుద్దుకున్నావు! నాది ఒక్కటి, ఒక్కటే ఒక్కటి!"



"చదువు" అంది మూడో కౌంటరు, కవరు వెనక్కి చాస్తూ. "నా కళ్ళకి ఇంకో పదిహేను రోజులు చదువు లేదు. నువ్వు చదువు."

"మీ అల్లుడొస్తాడేమో, లేకపోతే పక్కింటివాళ్ళని... లోపలిది నేను చదవను వదినా, నీకు తెలుసుగా."

"నోర్ముయ్! చదవకనే కదా ఇంతదాకా వచ్చింది. చదువు. ఆఖరి దాకా చదువు."

భూతద్దం రెండో కుర్చీలో కూర్చుని కాగితాలు విప్పింది. మొదటి పేజీ చదివింది. బుడిగీ అన్న దగ్గర మూడో కౌంటరు ఒక్కసారి ఊపిరి పీల్చింది, తర్వాత కదలలేదు. రెండో పేజీ భూతద్దానికి కూడా కొత్తది.

'...విని కూడా వెనక్కి రాలేదు. పాతికేళ్ళుగా ఆ కేక వింటూనే ఉన్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటి బండిలో మన ఊరి మీదుగా పోతున్నాను. బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. రెండో ప్లాట్‌ఫారం మీద గడియారం కింద నిలబడు. నువ్వు కనపడితే పెట్టెతో సహా దిగిపోతాను. కనపడకపోతే నీ కోపం పోలేదని అర్థం చేసుకుంటాను. అప్పుడు ఇంటికొచ్చి తలుపు కొట్టే మొహం నాకు లేదు. మళ్ళీ రాయను. నా అడ్రసు ఇవ్వడం లేదు, రావద్దని నువ్వు రాస్తే చదివే ధైర్యం నాకు లేదు. ఇట్లు, నీ అన్నయ్య.'

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మూడో కౌంటరు మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"ఆదివారం పొద్దున తొమ్మిదింటికి" అంది. "క్వార్టర్స్‌లో మా వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా రెండో ప్లాట్‌ఫారమే వదినా. గడియారం కనపడేది. నేను టైము అందులోనే చూసుకునేదాన్ని. ఆదివారం తొమ్మిదింటికి అంట్లు తోముకుంటూ ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉండేదాన్ని. ఆగిన ప్రతి బండినీ చూశాను. ఆ బండిని కూడా చూసే ఉంటాను."

"కొట్టు నన్ను" అంది భూతద్దం.

"కొడితే దిగుతాడా?"

భూతద్దం కాగితాలు మడవబోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జాగ్రత్తగా పాత మడతల మీదే మడుస్తోంది.

"మడవకు. ఇంకోసారి చదువు."

"సరే" అని మొదటి పేజీ తీసింది.

"అక్కణ్ణించి కాదు. కవరు మీద నుంచి. ఏదీ వదలకు. నువ్వు రాసింది కూడా చదువు."

భూతద్దం కవరు చేతిలోకి తీసుకుంది. బుడిగికి అందవలెను అని చదివింది. నీళ్ళ ట్యాంకు వెనక సందు, నీలం తలుపు ఇల్లు అని చదివింది. ఆగింది.

"ఊఁ. వెనక్కి తిప్పు."

వెనక్కి తిప్పింది. ఆ ఇంటి ముందు గదిలో, ఆ ఇంటి కుర్చీలో కూర్చుని, ఆ ఇంటామె వింటుండగా, ఇలాంటి ఇల్లు లేదు అని పైకి చదివింది. కింద ఉన్న తన రెండు పొడి అక్షరాలు కూడా చదివింది.